గేమింగ్ పీసీ కేబినెట్ టేబుల్ మీద పెట్టాలా, కింద పెట్టాలా?

కొత్తబిల్డ్:
మియాపూర్‌లో అద్దె ఫ్లాట్, రెండు బెడ్‌రూములు. పీసీ బిల్డ్ పూర్తయింది. రైజెన్ 5 7600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 4070 గ్రాఫిక్స్ కార్డు, 750 వాట్ల పవర్ సప్లై, ఒక పక్క గాజున్న మిడ్ టవర్ కేబినెట్, 27 అంగుళాల మానిటర్. గదిలో కిటికీ పక్కన నాలుగడుగుల గోడ ఒక్కటే ఖాళీ. కార్పెంటర్ చేత 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పుతో టేబుల్ చేయిద్దామని ఉంది. కేబినెట్‌ని టేబుల్ మీద పెట్టాలా, కింద పెట్టాలా? అది తేలితేనే కొలతలు ఇవ్వగలను.

విశాఖతీరం:
కచ్చితంగా మీదే పెట్టండి. మన ఇళ్లలో రోజూ ఊడుస్తాం, తడిగుడ్డ పెడతాం. చీపురు లేపే దుమ్మంతా ముందు అడుగునే తిరుగుతుంది. పవర్ సప్లై ఫ్యాను అడుగు నుంచే గాలి పీలుస్తుంది కాబట్టి ఆ దుమ్ము, వెంట్రుకలు, తడి అన్నీ దానికే. మాది సముద్రం గాలి తగిలే ఇల్లు. కింద పెట్టినన్నాళ్లూ కేబినెట్ కాళ్ల దగ్గర స్క్రూలు తుప్పు పట్టాయి. మీదికి మార్చాక ఆ బాధ లేదు.

రెండుగదులఇల్లు:
మీద పెట్టొద్దు. లెక్క చూడండి. టేబుల్ 48 అంగుళాలు. 27 అంగుళాల మానిటర్ అడ్డంగా దాదాపు 24 తీసుకుంటుంది. కేబినెట్ 9, గాలాడటానికి పక్కన ఇంకో 3. మిగిలింది 12. అందులోనే స్పీకర్లు, ఫోను, నీళ్ల సీసా, నోటుబుక్కు. మౌస్ సెన్సిటివిటీ తగ్గించి ఆడేవాళ్ల చెయ్యి బారెడు తిరుగుతుంది, వెళ్లి గాజుకి తగులుతుంది. కింద 6 అంగుళాల ఎత్తు చెక్క స్టాండు వేయించి దాని మీద పెడితే తడి అంటదు.

ఎర్త్‌వైర్:
మీదో కిందో తర్వాత. ముందు ఆ గోడ మీదున్న బోర్డులో ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. అద్దె ఇళ్లలో మూడో పిన్నుకి కన్నం ఉంటుంది, వెనక వైరు ఉండదు. కేబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటుంది. లోడుకి భయం లేదు. మామూలు 6 ఆంపియర్ల సాకెట్ 230 వోల్టుల దగ్గర 1,380 వాట్లు ఇస్తుంది, మీ పీసీకి అందులో సగం కూడా పట్టదు.

విశాఖతీరం:
కేబినెట్‌ని ఎడమ పక్కన పెడితే మౌస్‌కి ఏం అడ్డం? ఇక 6 అంగుళాల స్టాండు దుమ్మునేం ఆపుతుంది? పైగా మీ స్టాండు మీద 18 అంగుళాల కేబినెట్ పెడితే 24. టేబుల్ పలక అడుగు భాగం 29 దగ్గరుంటుంది. పైన మిగిలేది 5 అంగుళాలు. పై ఫ్యాన్లు తోసే వేడి గాలి పలకకి తగిలి మళ్లీ లోపలికే వస్తుంది. ఒక్క 4070 కార్డే 200 వాట్లు లాగుతుంది. ఆ వేడంతా ఎక్కడికి పోవాలి? మే నెలలో హైదరాబాద్‌లో, ఏసీ లేని గదిలో ఆలోచించండి.

రెండుగదులఇల్లు:
ఫ్యాన్ల ముందు జాలీ ఫిల్టర్లు ఉన్నదే దుమ్ము కోసం. లాగి, కడిగి, ఆరబెట్టి పెట్టేయడమే. బరువు సంగతి మీరెవరూ మాట్లాడటం లేదు. నేను ఒక షాపులో రెడీమేడ్ టేబుల్ కొన్నాను. ‘ఎంత బరువైనా మోస్తుంది సార్’ అన్నారు. కేబినెట్ పెట్టి, మానిటర్‌ని పట్టి ఉంచే ఆర్మ్ బిగించాక పలక మధ్యలో కుంగింది, ఆర్మ్‌ని టేబుల్‌కి పట్టే క్లాంపు కింద చెక్క పొట్టులా రాలింది. వెనక్కి తీసుకోమంటే ఫోనే ఎత్తలేదు.

విశాఖతీరం:
అది చెక్క పొట్టు అంటించి చేసే పార్టికల్ బోర్డు తప్పు, కేబినెట్‌ది కాదు. ఆయన కార్పెంటర్ చేత చేయిస్తానంటున్నారు. 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్, మధ్యలో అడ్డపట్టీ, క్లాంపు కింద ఇనుప రేకు. ఇవుంటే కుంగదు.

నైట్‌డ్యూటీ:
కింద పెట్టినా మీద పెట్టినా, గాజు పలక విప్పినప్పుడు టైల్స్ మీద నిలబెట్టొద్దు. టెంపర్డ్ గ్లాస్ అంచు టైల్‌కి తగిలితే మొత్తం చిన్న ముక్కలైపోతుంది. మంచం మీద పరుపు పైనే పడుకోబెట్టండి.

రెండుగదులఇల్లు:
విశాఖతీరం గారూ, మీరు దుమ్ము అంటారు, వేడి అంటారు. అసలు మీకు కావాల్సింది గాజులోంచి కేబినెట్ లోపలి రంగు లైట్లు కనపడటం.

విశాఖతీరం:
కనపడితే తప్పేంటి? ఏడాదంతా జీతంలో మిగిల్చి కొన్న వస్తువు. మీలాంటివాళ్లకి పీసీ అంటే చాటున పెట్టాల్సిన సామాను.

రెండుగదులఇల్లు:
మీలాంటివాళ్లు అంటే ఎవరండీ? మా ఇంట్లో ఆ ఒక్క టేబులే ఉంది. సాయంత్రం మా పాప దాని మీదే హోంవర్క్ చేసుకుంటుంది. డ్రాయింగ్ షీటు పరవడానికి చోటు లేక నేల మీద బోర్లా పడుకుని రంగులు వేసుకునేది. అందుకే కేబినెట్ కిందికి దించాను. టేబుల్ ఇంట్లో అందరిదీ. ఆడేది నేను రాత్రి పదయ్యాక.

విశాఖతీరం:
పాప సంగతి ముందే చెప్పుంటే ఆ మాట అనేవాణ్ని కాదు. కానీ నా సంగతీ వినండి. ఊళ్లో మా నాన్నగారు చుట్టాలొచ్చినప్పుడల్లా నా పీసీని మంచం కిందికి తోయించేవారు. ‘ఆ ఆటల డబ్బా ఎవరికీ కనపడనీకు’ అనేవారు. దాని మీదే ఎడిటింగ్ నేర్చుకుని ఉద్యోగం తెచ్చుకున్నాను. ‘కింద పెట్టు’ అని ఎవరన్నా నాకు మండుతుంది. నా ఇంట్లో అది మీదే ఉంటుంది.

రెండుగదులఇల్లు:
మీ ఇంట్లో ఉంచుకోండి, ఎవరు కాదన్నారు? ఈయన ఇంట్లో ఆ టేబుల్ ఇంకెవరికి కావాలో మనలో ఒక్కరైనా అడిగామా? కొత్తబిల్డ్ గారూ, మీరే చెప్పండి.

కొత్తబిల్డ్:
మా ఆవిడ వారంలో రెండు రోజులు ఇంటి నుంచే పని చేస్తుంది. ఆ రోజుల్లో లాప్‌టాప్ ఈ టేబుల్ మీదే. ఇప్పటిదాకా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని నడుం నొప్పి తెచ్చుకుంది.

రెండుగదులఇల్లు:
అయితే ఇంకేం ఆలోచించకండి. కిందే. ఎడమ చివర స్టాండు, ముందూ వెనకా తెరిచి ఉంచండి.

విశాఖతీరం:
ఆవిడ కూర్చోవడానికి చోటు కావాలంటే కాదనను. కానీ స్టాండు 4 అంగుళాలకి మించొద్దు. కేబినెట్ పైన వచ్చేచోట పలకని వెనక వైపు అరచెయ్యి వెడల్పున కోయించండి, వేడి గాలి అటు నుంచి పోతుంది. కార్పెంటర్ తలుపు పెడతానంటే ఒప్పుకోకండి. ఎండాకాలం వచ్చాక గంటసేపు ఆడి, గ్రాఫిక్స్ కార్డు టెంపరేచర్ ఎంతుందో ఇక్కడ పెట్టండి. వేడి విషయంలో నా మాట మీదే ఉన్నాను.