ఇత్తడి చెంబు డ్రాప్ టెస్ట్: ఎక్స్‌ప్లిసిట్ డైనమిక్స్‌లో సొట్ట ఇంత లోతుగా ఎందుకు వస్తోంది?

ప్రశ్న (మెకానికల్ మూడో సంవత్సరం, శ్రీకాకుళం)

పెద్దలకు నమస్కారం. యాన్సిస్ (వస్తువుల మీద బలాల ప్రభావాన్ని లెక్కించే సాఫ్ట్‌వేర్) విద్యార్థి వెర్షన్‌లో స్టాటిక్ లెక్కలు కొంత అలవాటయ్యాక ఎక్స్‌ప్లిసిట్ డైనమిక్స్ (దెబ్బ, ఢీ వంటి క్షణికమైన ఘటనలను లెక్కించే పద్ధతి) నేర్చుకోవాలనిపించి, మా జిల్లా బుడితి ఇత్తడి చెంబునే మోడల్‌గా తీసుకున్నాను. దాని బరువు 1.2 కిలోలు, గోడ మందం 2 మిల్లీమీటర్లు. నడుము ఎత్తున, అంటే ఒక మీటరు పైనుంచి, సిమెంటు గచ్చు మీద పడితే ఎంత సొట్ట పడుతుందో చూడాలన్నది నా ఉద్దేశం. చేయి జారిన క్షణం నుంచి నేలను తాకేదాకా 0.45 సెకన్లూ నడిపిద్దామంటే, టైమ్ స్టెప్ (లెక్క ఒక్కో అడుగులో ముందుకెళ్లే కాలం) 5×10⁻⁸ సెకన్లకు పడిపోయి లెక్క రోజుల తరబడి సాగేలా కనిపించింది. సీనియర్ ఒకరు మాస్ స్కేలింగ్ పెట్టమన్నారు. పెట్టాక ఒక్క రాత్రిలో పూర్తయింది గానీ సొట్ట 9 మిల్లీమీటర్ల లోతు వచ్చింది; మా ఇంట్లో అలాగే జారిపడిన చెంబుకు అందులో సగమే ఉంది. నేలను తాకే ముందు కైనెటిక్ ఎనర్జీ (చలన శక్తి) 29 జౌళ్లు చూపిస్తోంది. తప్పు ఎక్కడ జరిగిందో దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (సిమ్యులేషన్ ఉద్యోగి, సొంతూరు విజయనగరం)

ఆ 29 జౌళ్ల అంకె రాసి మంచి పని చేశారు, తప్పు అక్కడే పట్టుబడుతుంది. 1.2 కిలోల వస్తువు మీటరు ఎత్తు నుంచి పడితే దానికి వచ్చే శక్తి 1.2 × 9.81 × 1, అంటే 11.8 జౌళ్లు మాత్రమే. 29 రావాలంటే చెంబు మూడు కిలోలు ఉండాలి. మిగిలిన 1.8 కిలోలు మాస్ స్కేలింగ్ కలిపిన బరువు.

టైమ్ స్టెప్ అంటే, ఎలిమెంట్ (లెక్క కోసం మోడల్‌ను విడగొట్టిన చిన్న ముక్క) పొడవును ఆ లోహంలో ధ్వని వేగంతో భాగిస్తే వచ్చే కాలానికి కాస్త తక్కువ. ఇత్తడిలో ఆ వేగం సెకనుకు సుమారు 3,500 మీటర్లు. సాంద్రత పెంచితే ధ్వని వేగం తగ్గి స్టెప్ పెద్దదవుతుంది. మాస్ స్కేలింగ్ చేసేది ఇంతే. నెమ్మదిగా సాగే ప్రెస్ ఫార్మింగ్ వంటి పనుల్లో దీన్ని మితంగా వాడవచ్చు. డ్రాప్ టెస్ట్‌లో దెబ్బ బలమంతా బరువు మీదే ఆధారపడుతుంది కాబట్టి, బరువు మార్చడమంటే ప్రశ్ననే మార్చేయడం.

అసలు ఇబ్బంది మెష్‌లో, అంటే ఆ ఎలిమెంట్ల అల్లికలో ఉంది. మీ స్టెప్ విలువను బట్టి చూస్తే, బహుశా అంచు మడత దగ్గర, 0.2 మిల్లీమీటర్ల ఎలిమెంట్ ఒకటైనా ఉండి తీరాలి. కుంటెద్దును కట్టిన బండి దాని నడకనే నడిచినట్టు, మోడల్ మొత్తం ఆ ఒక్క ఎలిమెంట్ స్టెప్‌తోనే నడుస్తుంది. గోడ మందం 2 మిల్లీమీటర్లే గనుక సాలిడ్ ఎలిమెంట్లు (ఘనపు ముక్కలు) మాని, గోడను పలుచని రేకులా లెక్కించే 2 మిల్లీమీటర్ల షెల్ ఎలిమెంట్లు వేయండి. గాలిలో పడే భాగాన్ని లెక్కించడం పూర్తిగా అనవసరం: చెంబును నేలకు వెంట్రుకవాసి దూరంలో ఉంచి, సెకనుకు 4.43 మీటర్ల తొలి వేగం కిందికి ఇచ్చి, 5 మిల్లీసెకన్లు నడిపితే చాలు. మీ పాత పద్ధతిలో స్టెప్పులు దాదాపు 90 లక్షలు. ఇలా చేస్తే పది వేలు.

జవాబు 2 (బోధన వృత్తి, విజయనగరం)

పై జవాబుతో ఏకీభవిస్తూ ఒకటి రెండు విషయాలు చేరుస్తాను. షెల్ ఎలిమెంట్లకు మారినప్పుడు అవర్‌గ్లాస్ ఎనర్జీని తప్పక చూడండి. ఒకే ఇంటిగ్రేషన్ పాయింటు (లెక్క జరిగే బిందువు) ఉన్న ఎలిమెంట్లు శక్తి ఖర్చు లేకుండానే వంకరలు తిరగగలవు. వాటిని ఆపడానికి వెచ్చించిన శక్తే అవర్‌గ్లాస్ ఎనర్జీ; అది ఇంటర్నల్ ఎనర్జీలో (వస్తువు రూపం మారడంలో ఇమిడిన శక్తిలో) పదో వంతు దాటితే ఆ ఫలితాన్ని నేను విద్యార్థుల నుంచి తీసుకోను. ఎల్ఎస్-డైనా అనే ఇలాంటి లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఫార్ములేషన్ 16 (ఎక్కువ బిందువుల్లో లెక్కించే షెల్ రకం) ఎంచుకుంటే సమయం ఎక్కువ పట్టినా ఈ బెడద తగ్గుతుంది. దానికి మోడల్ వివరాలిచ్చే కీవర్డ్ ఫైలు చేత్తో రాసేటప్పుడు టన్ను, మిల్లీమీటరు, సెకను వాడితే ఇత్తడి సాంద్రత 8.5×10⁻⁹ అవుతుంది. అక్కడ కిలో, మీటరు లెక్కలోని 8500 అని వేసి తలపట్టుకున్న వారిని ఏటా చూస్తున్నాను.

సుత్తితో సాగగొట్టిన ఇత్తడి గట్టిపడుతుంది. పుస్తకంలోని మెత్తని ఇత్తడి ఈల్డ్ విలువ (లోహం శాశ్వతంగా వంగడం మొదలయ్యే ఒత్తిడి) వాడితే సొట్ట మళ్లీ పెద్దదే వస్తుంది.

నేర్చుకునే క్రమం అడగలేదు గానీ చెబుతాను: చెంబు కంటే ముందు ఒకే ఎలిమెంటును లాగి చూసి, తర్వాత 1948లో జి.ఐ. టేలర్ ప్రకటించిన పద్ధతిలో లోహపు కడ్డీని గట్టి గోడకు కొట్టించి, మిగిలిన పొడవును ప్రయోగ ఫలితాలతో పోల్చుకుంటే చెయ్యి కుదురుతుంది. విద్యార్థి వెర్షన్ పరిమితులు అడ్డొస్తే, 2022 నుంచి ఉచితంగా దొరుకుతున్న ఓపెన్‌రేడియాస్ అనే ఇలాంటి సాఫ్ట్‌వేర్ ఉంది. అన్నట్టు, మన దగ్గర వేసవిలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి ఆగిన చోటి నుంచి లెక్కను కొనసాగించే రీస్టార్ట్ ఫైళ్లు రాయించడం మరవకండి.

ప్రశ్నించిన వారు మళ్లీ

ఇద్దరికీ కృతజ్ఞతలు. అంచు మడత దగ్గర నిజంగానే 0.2 మిల్లీమీటర్ల ఎలిమెంట్లు పదకొండు కనిపించాయి. షెల్ ఎలిమెంట్లతో, మాస్ స్కేలింగ్ లేకుండా నడిపితే టీ తాగి వచ్చేలోపు పూర్తయింది. తొలి ఎనర్జీ 11.8 జౌళ్లు, అవర్‌గ్లాస్ అందులో నాలుగు శాతం, సొట్ట 5 మిల్లీమీటర్లు. ఇంట్లో చెంబు సొట్టను స్కేలు, దారం పెట్టి కొలిస్తే నాలుగున్నర వచ్చింది. ఆ తేడా ఈల్డ్ విలువది అయి ఉండవచ్చు. సరిచూడడానికి ఇంకోసారి పడేస్తానంటే అమ్మమ్మ చెంబును బీరువాలో పెట్టేసింది. పాత సామాన్ల దుకాణంలో అలాంటిదే ఒకటి తూకానికి అడిగాను.