పెండింగ్ సెక్టార్లు కనబడగానే డిస్క్ మార్చేయాలా?

రాత్రిడ్యూటీ:
స్టోరేజ్ సర్వర్‌లో 12 డిస్కులు, రెయిడ్ 6 (కొన్ని డిస్కులు పోయినా డేటా నిలిచేలా కలిపిన అమరిక). ఇవాళ ఒక డిస్క్‌లో స్మార్ట్ (డిస్క్ తన స్థితిని తానే కొలిచి చెప్పే వ్యవస్థ) సూచిక 197, అంటే పెండింగ్ సెక్టార్లు (డిస్క్ చదవలేకపోయి, తేల్చకుండా ఉంచిన చోట్లు), 0 నుంచి 8కి వెళ్ళింది. స్మార్ట్ హెల్త్ మాత్రం ‘పాస్డ్’ అనే చూపిస్తోంది. టెంపరేచర్ 46. మార్చేద్దామంటే పైవాళ్ళు ఆగమంటున్నారు. ఏం చేయమంటారు?

పాతకాపు:
ఆగమన్నవాళ్ళదే కరెక్ట్. 4కె డిస్కుల్లో, అంటే ఒక్కో సెక్టార్ 4096 బైట్లు ఉన్నవాటిలో, చాలావాటికి ఒక్క సెక్టార్ చదవలేకపోయినా 512 బైట్ల లెక్కన 8 అనే పడుతుంది. అక్కడ మళ్ళీ రాసినప్పుడు సరిగ్గా పడితే అంకె 0 అవుతుంది. పడకపోతే డిస్కే ఆ డేటాను అదనంగా ఉంచుకున్న స్పేర్ సెక్టార్‌లో రాస్తుంది. దీనికింత కంగారెందుకు?

ఫ్యాన్‌గాలి:
46 ఏమిటండీ? ముందు ఫ్యాన్లు చూడండి.

లెక్కలమనిషి:
‘పాస్డ్’ని నమ్మి కూర్చోవద్దు. కంపెనీ పెట్టిన హద్దు దాటేదాకా అది మారదు, ఆ హద్దు దాటేసరికి చాలాసార్లు ఆలస్యమైపోతుంది. క్లౌడ్ బ్యాకప్ కంపెనీ బ్యాక్‌బ్లేజ్ 2016లో చెప్పిన లెక్క చూడండి. స్మార్ట్ సూచికలు 5, 187, 188, 197, 198లో ఒక్కటైనా సున్నా దాటినవి పాడైన డిస్కుల్లో 76.7 శాతం. బాగా నడుస్తున్నవాటిలో 4.2 శాతమే.

పాతకాపు:
మిగతా 23.3 శాతం చెప్పాపెట్టకుండా పోయాయిగా! గూగుల్ వాళ్ళు 2007లో లక్షకు పైగా డిస్కుల మీద రాసిన పేపర్లో, పోయినవాటిలో సగానికి పైగా ముఖ్యమైన నాలుగు సూచికల్లో దేనిలోనూ తేడా చూపలేదన్నారు. అలాంటి సెన్సార్ల మాట పట్టుకుని రీబిల్డ్, అంటే మిగతా డిస్కులన్నీ చదివి కొత్తదాన్ని నింపే పని, మొదలుపెడతారా?

లెక్కలమనిషి:
హెచ్చరిక లేకుండా పోయేవి ఉన్నాయని, వచ్చిన హెచ్చరికను వదిలేస్తామా? ఖాళీ స్లాట్ ఉంటే పాత డిస్క్ తీయకుండానే కొత్తదానికి కాపీ చేయొచ్చు. మీరు భయపడే రీబిల్డే అక్కర్లేదు.

ఫ్యాన్‌గాలి:
టెంపరేచర్ సంగతి ఎవరికీ పట్టదా?

లెక్కలమనిషి:
చాలా డిస్కులకు 60 దాకా అనుమతి ఉంది. 46 కోసం థ్రెడ్ పాడుచేయకండి.

ఫ్యాన్‌గాలి:
పాడుచేయడమా? పక్కవన్నీ 38లో ఉండి ఇదొక్కటే 46 అయితే అది విషయం కాదా? అది అడిగారా ఎవరైనా?

పాతకాపు:
లెక్కలమనిషి గారూ, మీకు శాతాలు తెలుసు, మెయిళ్ళు తెలియవు. నేను పనిచేసిన ఒక చోట ఫ్యాన్ శుభ్రంగా తిరుగుతున్నా సెన్సార్ 0 ఆర్‌పీఎం అనేది. రాత్రీపగలూ మెయిళ్ళే. విసుగెత్తి అందరూ ఫిల్టర్ పెట్టుకున్నారు. నిజంగా పవర్ సప్లై పోయిన రోజు ఆ అలర్ట్ కూడా అదే ఫోల్డర్‌లో పడింది. నాన్నా పులి కథే. సంజాయిషీ మాత్రం నన్నే రాయమన్నారు. అలర్ట్ అంటే నాకందుకే మంట.

లెక్కలమనిషి:
అది డిస్క్ తప్పూ కాదు, 197 తప్పూ కాదు. సెన్సార్ బాగుచేయనివాళ్ళది.

రాత్రిడ్యూటీ:
నా బాధ కూడా అదేనండీ. అలర్ట్ వచ్చేది నా ఫోన్‌కి, డిస్క్ మార్చమని సంతకం పెట్టేది వేరొకరు. రేపు రెండు డిస్కులు కలిసి పోతే ‘నీకు ముందే తెలుసుగా’ అంటారు. పక్కవి 39, 40లో ఉన్నాయి, ఇప్పుడే చూశాను.

పాతకాపు:
అయితే స్మార్ట్ లాంగ్ టెస్ట్ (డిస్క్ మొత్తాన్ని చదివి చూసే పరీక్ష) పెట్టండి. రీడ్ ఫెయిల్యూర్ వస్తే మార్చమని నేనే అంటాను. ఆ రిపోర్ట్ మెయిల్‌లో పంపి, జవాబు కూడా మెయిల్‌లోనే అడగండి. ఫోన్లో ఒప్పుకోవద్దు.

లెక్కలమనిషి:
టెస్ట్ పాసైనా 197 మళ్ళీ పెరిగితే? అప్పుడూ ఆగమంటారా?

పాతకాపు:
అప్పుడు ఎన్ని రోజుల్లో ఎంత పెరిగిందో చూసి మాట్లాడదాం.