ఆటోమేషన్ టెస్టుల్లో నెట్‌వర్క్ కూడా చూడాలా, స్క్రీన్ చూస్తే చాలా?

గోదావరి_టెస్టర్: "ఆర్డర్ అందింది" అని తెరమీద కనిపిస్తే పాస్ అని రాసే టెస్టులతో విసిగిపోయాను. మా దగ్గర అలాగే పాసైంది. వెనక సర్వర్‌కి వెళ్లిన ఆర్డర్ కాల్‌కి స్టేటస్ కోడ్ 500 (సర్వర్ ఎర్రర్) వచ్చింది, ఫ్రంటెండ్ కోడ్ దాన్ని మింగేసి పచ్చ టిక్కు పెట్టింది. ప్రతి టెస్టులోనూ స్క్రిప్ట్ బ్రౌజర్ ట్రాఫిక్ వినాలి, ఎర్రర్ కోడ్‌లు, అంటే 400, ఆపైన ఏది వచ్చినా ఫెయిల్ చేయాలి. ఏమంటారు?

పాతకోడ్: ఒప్పుకోనండి. వాడేవాళ్లు చూసేది స్క్రీనే. మేం ఏపీఐ పాత్ (కాల్ వెళ్లే సర్వర్ అడ్రస్) మార్చాం, స్క్రీన్ మీద ఒక్క అక్షరం మారలేదు. టెస్టు పాత పాత్ కోసమే చూసి ఫెయిలై బిల్డ్ ఎర్రబడింది, అర్ధరాత్రి నన్ను లేపారు.

చిన్నబగ్: తప్పు పాస్‌వర్డ్ టెస్టులో 401 (లాగిన్ చెల్లలేదు) రావాల్సిందే కదా, అదీ ఫెయిలేనా?

వైజాగ్_మైత్రి: ట్రాఫిక్ వినడానికి సెలీనియం-వైర్ లైబ్రరీ వాడుతుంటే మానేయండి. 2024లోనే దాని పని ఆగిపోయింది.

గోదావరి_టెస్టర్: 401 లాంటివి ఆ టెస్టు వరకు మినహాయిస్తాం. వాడేది బ్రౌజర్‌ని నడిపే సెలీనియం 4, దాని ట్రాఫిక్ చూపే క్రోమ్ డెవ్‌టూల్స్ ప్రోటోకాల్. రెస్పాన్స్ బాడీని 'లోడింగ్ ఫినిష్డ్' ఈవెంట్ రాగానే అడగాలి. పేజీ మారాక అడిగితే దొరకకపోవచ్చు.

పాతకోడ్: అది క్రోమ్ సొంత ప్రోటోకాల్. ఫైర్‌ఫాక్స్ 129 నుంచి డిఫాల్ట్‌గా ఆపేశారు. అక్కడేం చేస్తారు?

వైజాగ్_మైత్రి: అందుకేగా వేర్వేరు బ్రౌజర్లకు ఉమ్మడి ప్రమాణంగా వెబ్‌డ్రైవర్ బైడై వచ్చింది.

గోదావరి_టెస్టర్: ఫైర్‌ఫాక్స్ సంగతి తర్వాత. ఆ 500ని ఎవరు పట్టుకోవాలో చెప్పండి.

పాతకోడ్: బ్యాకెండ్ టెస్టులు. అది మీ పని కాదు.

గోదావరి_టెస్టర్: నా పని కాదా? బగ్ కస్టమర్ దాకా వెళ్లాక మీటింగ్‌లో అందరి ముందు నిలదీసింది నన్నే! "పాస్ అని రిపోర్ట్ ఇచ్చింది నువ్వే కదా" అన్నారు. ఆ కోడ్ రాసినవాళ్లను ఒక్క మాట అనలేదు.

పాతకోడ్: మాకు జరిగేదీ వినండి. ఎవరిదో అనలిటిక్స్ (వాడకం లెక్కల) కాల్‌కి 403 (అనుమతి లేదు) వచ్చినా టికెట్ మా పేరు మీదే. మీ లాగ్ మా మెడకు చుట్టుకుంటోంది.

హైదరాబాదీ_క్యూఏ: అన్నా, ఇద్దరూ టూల్ గురించి కొట్లాడట్లేదు. బగ్ ఎవరి ఖాతాలో రాస్తారన్నదే గొడవ.

పాతకోడ్: అవును, అదే. మా డొమైన్ కాల్స్ మాత్రమే వడకట్టి, స్టేటస్ ఒక్కటే చూడండి. పాత్ ముట్టుకోకండి, నేను అడ్డురాను.

గోదావరి_టెస్టర్: డొమైన్ వడపోతకు సరే. పాత్ మాత్రం వదలనండి. ఆర్డర్ కాల్ అసలు వెళ్లనే లేదనుకోండి, చూడటానికి స్టేటస్ ఎక్కడుంటుంది?