ఉగాదికి బ్రాస్ క్వింటెట్‌ను పిలిస్తే తప్పా?

వైట్‌ఫీల్డ్ వాసి:
మా అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్ళం ఉగాది సాయంత్రానికి ఒక బ్రాస్ క్వింటెట్‌ను, అంటే ట్రంపెట్‌లాంటి ఊదే వాయిద్యాల ఐదుగురి బృందాన్ని, మాట్లాడదామనుకుంటున్నాం. బెంగళూరు పిల్లలే, అందరూ ముప్పై లోపు వాళ్ళు, ఇదే వాళ్ళ వృత్తి. రెండు ట్రంపెట్లు, ఒక ఫ్రెంచ్ హార్న్, ఒక ట్రాంబోన్, ఒక ట్యూబా. 50 నిమిషాలకు 60,000 అడిగారు. నాదస్వరం, డోలు వాళ్ళు 25,000కి వస్తామన్నారు. కమిటీలో సగం మంది "పెళ్ళి బ్యాండుకి అంతా?" అంటున్నారు. మీరేమంటారు?

మారతహళ్ళి మామ:
పంచాంగ శ్రవణం పక్కన ట్రంపెట్లేమిటండీ? పైగా మీ జాబితాలో సాక్సోఫోనే లేదు. బ్రాస్ అంటే ఇత్తడి. సాక్సోఫోన్ ఇత్తడిది. కద్రి గోపాల్‌నాథ్ గారి కచేరీ విన్నవాణ్ణి, నాకు చెప్పకండి. సాక్సోఫోన్ లేకపోతే అదేం బ్రాస్?

కోలారు కోడలు:
మా ఇంట్లో బిందె కూడా ఇత్తడిదే మామగారూ. దాన్నీ కలుపుదామా?

శ్రుతిపెట్టె:
లోహాన్ని బట్టి కాదు మామగారూ, శబ్దం ఎక్కడ పుడుతుందో దాన్ని బట్టి. సాక్సోఫోన్‌లో రీడు, అంటే నోటి దగ్గరుండే పల్చటి రెల్లు ముక్క, అదిరితే మోగుతుంది, అందుకే దాన్ని క్లారినెట్ పక్కన కూర్చోబెడతారు. ట్రంపెట్, ట్యూబాల్లో రీడు ఉండదు. వాయించేవాడి పెదవులే అదరాలి. ఆ లెక్కన మన జాతరల్లో ఊదే కొమ్ముబూర వీటికి చుట్టం, నాదస్వరం సాక్సోఫోన్‌కి చుట్టం.

50 నిమిషాలు తక్కువని కూడా అనుకోకండి. పెదవి అలిసిందంటే పై స్వరాలు పలకవు, ఎంతటివాడికైనా. వయొలిన్‌లా మూడు గంటలు లాగడం కుదరదు.

ఉగాదికి తగదంటారా? ముత్తుస్వామి దీక్షితులవారు మద్రాసు కోటలో కంపెనీవారి బ్యాండు వాయించే బాణీలు విని, వాటికి సంస్కృతంలో సాహిత్యం కట్టారు. వాటినే నొట్టుస్వరాలంటారు, సుమారు 40 ఉన్నాయి. "సంతతం పాహిమాం" అచ్చంగా ఇంగ్లండు రాజుగారి గీతం బాణీ. రాగం శంకరాభరణం, అంటే పాశ్చాత్యుల మేజర్ స్కేలు స్వరాలే, కాబట్టి మూడు వాల్వుల ట్రంపెట్‌కి హాయిగా అమరుతుంది. స్వరాలను ఊపుతూ గమకాలతో పాడే తోడి రాగం అడిగితే మాత్రం ట్రంపెట్‌కి కష్టమే. స్లైడు జారుతుంది కనుక ట్రాంబోన్‌కి కాస్త నయం.

మారతహళ్ళి మామ:
దీక్షితులవారు విన్నారు సరే, ఉగాది నాడు విన్నారా? సాక్సోఫోన్ గురించి మీరు చెప్పింది నాకు ఎక్కలేదు. ఇత్తడి ఇత్తడే.

ఇంకో మాట. మా అమ్మాయి పెళ్ళి అనంతపురంలో చేశాం. బ్యాండు రెండు గంటలు ఆలస్యం. వచ్చినవాళ్ళలో ఇద్దరు తూలుతున్నారు. ఎదురుకోలు మొత్తం శ్రుతి తప్పిన ఊదుడే. అడిగితే ఎదురుతిరిగారు. అప్పటినుంచి ఈ ఊదే వాయిద్యాలంటేనే నాకు నమ్మకం పోయింది.

హెబ్బాళ్ హనుమ:
ఆ పెళ్ళికీ ఈ ఉగాదికీ సంబంధం ఏమిటండీ?

చిత్తూరు చిన్నోడు:
మా నాన్న 22 ఏళ్ళు బ్యాండు మేళంలో ట్రంపెట్ వాయించాడు. మీరట్‌లో చేసిన ట్రంపెట్, వాల్వు ఇరుక్కుంటే కొబ్బరినూనె. పధ్నాలుగు మందికి కలిపి ఇచ్చే డబ్బులో ఒక్కొక్కరికి వెయ్యి మిగిలితే గొప్ప. నాలుగు గంటలు నడక. భోజనం ఆఖరి పంక్తి అయ్యాక, షామియానా వెనక. మామగారూ, ఆ రోజు వాళ్ళకి ఎన్నింటికి అన్నం పెట్టారో గుర్తుందా?

మారతహళ్ళి మామ:
అన్నం సంగతి క్యాటరింగ్ వాళ్ళది. నన్నెందుకు అడుగుతావు?

వైట్‌ఫీల్డ్ వాసి:
ఒక విషయం చెప్పడం మరిచాను. గేటు నుంచి క్లబ్‌హౌస్ దాకా ముందు నడుస్తూ వాయించమని అడిగాం. కుదరదన్నారు.

శ్రుతిపెట్టె:
కుదరదు మరి. వాళ్ళ ట్యూబా ఒడిలో పెట్టుకుని వాయించేది. నడిచే బ్యాండ్ల కోసం భుజానికి చుట్టుకునే సూసాఫోన్ వేరే ఉంది. హార్న్ మౌత్‌పీస్ చాలా చిన్నది, అడుగు పడినప్పుడల్లా పెదవికి తగులుతుంది. ఐదుగురికీ ఐదు వేరువేరు భాగాలు, ఒకటి తప్పితే దాన్ని కప్పడానికి పక్కన ఇంకొకరు ఉండరు.

చిత్తూరు చిన్నోడు:
పెదవికి తగులుతుందా? మా నాన్న పై పెదవి మీద మౌత్‌పీస్ గుండ్రం ఇప్పటికీ ఉంది. గతుకుల రోడ్డు మీద నడుస్తూనే వాయించాడు. అది సంగీతం కాదు, కుర్చీలో కూర్చుంటే సంగీతం. అంతేగా?

శ్రుతిపెట్టె:
నేను ఆ మాట అనలేదు.

చిత్తూరు చిన్నోడు:
మీరు అనలేదు, వాళ్ళన్నారు. వాళ్ళ పేజీ ఇప్పుడే చూశాను. మొదటి వాక్యమే "మేము పెళ్ళి బ్యాండు కాదు." 60,000 అడిగినందుకు నాకు బాధ లేదు, లక్ష అడగనీ. నడవకపోతే మాననీ. గొప్ప చెప్పుకోవడానికి మా నాన్నని మెట్టు చేసుకోవడం ఎందుకు?

కోలారు కోడలు:
ఇది మాత్రం న్యాయమైన ప్రశ్న.

శ్రుతిపెట్టె:
సరే, చెప్పేస్తాను. ఆ వాక్యం రాసింది మా తమ్ముడు. హార్న్ వాడిదే. ఫోన్ చేసిన ప్రతివాడూ "ఊరేగింపుకి వస్తారా, ఫలానా పాట వచ్చా, రెండు వేలు తగ్గిస్తారా" అని అడుగుతుంటే విసిగి రాశాడు. వారానికి నాలుగు రోజులు స్కూళ్ళలో పాఠాలు చెప్పి అద్దె కట్టుకుంటున్నాడు.

మారతహళ్ళి మామ:
అదీ సంగతి! తమ్ముడి కోసమన్నమాట ఈ దీక్షితులవారూ, కొమ్ముబూరా అన్నీ.

శ్రుతిపెట్టె:
అవును, తమ్ముడి కోసమే. అందుకని శంకరాభరణం మారిపోదు కదా.

చిన్నోడు గారూ, ఆ వాక్యం తప్పే. కానీ తీసేస్తే మళ్ళీ అవే ఫోన్లు. వాణ్ణి ఏం రాసుకోమంటారు?

చిత్తూరు చిన్నోడు:
"మేము నడుస్తూ వాయించం" అని రాసుకోమనండి. "ఇంతకు తగ్గం" అని రాసుకోమనండి. మా నాన్న ఆ రెండు మాటలూ అనలేకపోయాడు, అనగలిగినవాడు అననీ. "పెళ్ళి బ్యాండు కాదు" అని మాత్రం వద్దు.

శ్రుతిపెట్టె:
చెబుతాను. వింటాడో లేదో. కాస్త మొండి.

వైట్‌ఫీల్డ్ వాసి:
కమిటీలో ఏడుగురు సరే అన్నారు, ఐదుగురు వద్దన్నారు. పిలుస్తున్నాం. ఒక సాయం కావాలి. వాళ్ళకు చేతులు లేని కుర్చీలు ఐదు కావాలట, మోచేతులకు అడ్డం లేకుండా. క్లబ్‌హౌస్‌లో అన్నీ చేతుల ప్లాస్టిక్ కుర్చీలే. దగ్గర్లో ఎవరిదగ్గరైనా ఉన్నాయా?

చిత్తూరు చిన్నోడు:
హూడిలో ఉంటాను. డైనింగ్ కుర్చీలు నాలుగున్నాయి, బండి పంపండి. ట్యూబా అబ్బాయికి స్టూలు మీరే చూసుకోండి. అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.