1 శ్రుతికీ 5 శ్రుతికీ ఒకే వయొలిన్: పక్కవాద్యం వాయించేవారు చెప్పగలరా?

కర్ణాటక కచేరీల్లో పక్కవాద్యం వాయించేవారికి ప్రశ్న. ఈ వారం 1 శ్రుతిలో (షడ్జం సి స్వరం) పాడే గాయకుడికి, వచ్చేవారం 5 శ్రుతిలో (షడ్జం జి స్వరం) పాడే గాయనికి వాయించాలంటే మీరు రెండు వయొలిన్లు ఉంచుకుంటారా, ఒకదానితోనే నెట్టుకొస్తారా?

ఇబ్బంది ఇది. మామూలు తీగల సెట్టు పాశ్చాత్య పద్ధతిలోని జి, డి, ఎ, ఇ స్వరాలకు తయారైనది. మన పద్ధతిలో నాలుగు తీగలను స-ప-స-ప (షడ్జం, పంచమం)గా కలుపుతాం; 5 శ్రుతికి అది జి, డి, జి, డి. పై రెండు తీగలు ఒక్కో స్వరం దించితే చాలు. 1 శ్రుతికి సి, జి, సి, జి కావాలి కాబట్టి నాలుగూ ఇంకో పంచమం (స నుంచి ప వరకు ఉండే దూరం) కిందికి వెళ్లాలి. తీగ బిగువు స్వరపు కంపనాల సంఖ్య వర్గాన్ని (స్క్వేర్) బట్టి మారుతుంది కనుక 5 శ్రుతి బిగువులో మిగిలేది దాదాపు 44 శాతమే. ఫలితంగా అనుమంద్రం తీగ (అన్నిటికంటే కింది స్వరానిది) కమాను (బో) గట్టిగా వేస్తే గరగరలాడుతుంది, గమకంలో వేలు జారుతుంటే స్వరం పైకి తేలిపోతుంది. తిరిగి బిగించేటప్పుడు బ్రిడ్జి (తీగలను మోసే చెక్క) పైభాగం బిరడాల (తీగలు బిగించే మరల) వైపు వాలుతోంది. ప్రతిసారీ రెండు చేతులతో పట్టి నిటారుగా సర్దాల్సి వస్తోంది. బిరడాలకు సుద్ద, సబ్బు రాస్తే జారడం కొంత తగ్గింది.

అడగదలచినవి: కింది శ్రుతికి మందపాటి తీగలు వేస్తే కమాను వెంటనే పలుకుతుందా? అందులో నాలుగూ మార్చాలా, కింది రెండు చాలా? వయోలా (వయొలిన్ కంటే కాస్త పెద్ద వాద్యం) తీగలు ఎవరైనా వాడారా? నాదం కంటే ముఖ్యంగా, కచేరీ మధ్యలో శ్రుతి నిలుస్తుందా అన్నది చెప్పండి.