హైటెన్షన్ లైన్ పక్కన ఇల్లు, ఫోన్ యాప్‌లో 43 మైక్రోటెస్లా

ప్రశ్న: అద్దెకు చూసిన ఇంటికి 20 మీటర్ల దూరంలో 132 కేవీ లైన్ ఉందండి. ఫోన్ యాప్ అక్కడ అయస్కాంత క్షేత్రం 43 మైక్రోటెస్లా అని చూపిస్తోంది. 0.4 దాటితే పిల్లలకు బ్లడ్ క్యాన్సర్ వస్తుందని చదివాను. మా పాపకు నాలుగేళ్లు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: ముందు ఆ 43 సంగతి చూద్దామమ్మా. అది భూమి అయస్కాంత క్షేత్రం, మన ప్రాంతంలో 40 పైచిలుకే ఉంటుంది. లైన్లు లేని పొలంలోకి వెళ్లినా యాప్ దాదాపు అంతే చూపిస్తుంది. లైన్ నుంచి వచ్చేది సెకనుకు 50 సార్లు ఊగే క్షేత్రం, దాన్ని ఇలాంటి యాప్ సరిగ్గా పట్టుకోలేదు. మూడు దిశల్లో కొలిచే గాస్ మీటర్ కావాలి. అందులో రీడింగ్ మిల్లీగాస్‌లో ఉంటే పదితో భాగించండి, మైక్రోటెస్లా వస్తుంది.

0.4 అన్నది ఒక్క క్షణపు రీడింగ్ కాదు, రోజంతటి సగటు. అంతకు మించిన ఇళ్లలోని పిల్లల్లో లుకేమియా, అంటే బ్లడ్ క్యాన్సర్, దాదాపు రెట్టింపు కనిపించిందని 2000లో పాత అధ్యయనాలను కలిపి చూసినవాళ్లు తేల్చారు. లైనే కారణమని రుజువు కాలేదు. అందుకే 2002లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఇలాంటి క్షేత్రాన్ని ‘క్యాన్సర్ కారకం కావచ్చు’ అనే 2బి వర్గంలో పెట్టింది. పిల్లల్లో ఆ జబ్బే చాలా అరుదు. 200 మైక్రోటెస్లా అనే అంతర్జాతీయ పరిమితి నరాలపై తక్షణ ప్రభావం రాకుండా పెట్టింది, దాన్నీ ఈ 0.4నీ కలపకండి.

పాప పడుకునే చోట, మంచం ఎత్తులో కొలవండి. కరెంటు వాడకాన్ని బట్టి క్షేత్రం మారుతుంది కాబట్టి సాయంత్రం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చూడండి. తర్వాత మెయిన్ ఆపి మళ్లీ చూడండి. మిగిలింది బయటిది.

ప్రశ్న: తెలిసిన లెక్చరర్ గారి మీటర్ తెచ్చి కొలిచానండి. మంచం దగ్గర 0.6, మెయిన్ ఆపితే 0.1. సాయంత్రం, మధ్యాహ్నం తేడా పెద్దగా లేదు.

జవాబు: అయితే ఎక్కువ భాగం ఇంట్లోదే. గోడకు అవతల మీటర్ బోర్డో ఫ్రిజ్జో ఉందా?

ప్రశ్న: మీటర్ బోర్డే! ఇంకోటి, వెనక స్థలంలో లైన్ కింద ఉన్న ఇనుప కంచె ముట్టుకుంటే జిల్లుమంటోంది.

జవాబు: మంచం ఎదుటి గోడకు జరపండి, దూరంతో త్వరగా తగ్గిపోతుంది. కంచెకు లైన్ వల్ల చార్జ్ ఎక్కుతోంది. ఓనర్ గారితో చెప్పి ఎలక్ట్రీషియన్‌ చేత ఎర్తింగ్ చేయించండి, అప్పటిదాకా పాపను అటు పోనివ్వకండి.