రెండు మందులకూ లొంగని ఫిట్స్: ముందు కీటో ఆహారమా, మూడో మందా?

ఐదేళ్ల బాబు తల్లి, కూకట్‌పల్లి

మా బాబుకు ఐదేళ్లు. ముందు వాల్‌ప్రోయేట్, తర్వాత దానికి తోడుగా లెవెటిరాసెటమ్ ఇచ్చి, మోతాదు పెంచుకుంటూ వచ్చినా ఫిట్స్ ఆగలేదు. ఇప్పుడు మూడో మందుగా టోపిరమేట్ మొదలుపెట్టవచ్చని, లేదా కీటోజెనిక్ ఆహారం, అంటే అన్నం లాంటి పిండిపదార్థాలు బాగా తగ్గించి కొవ్వు ఎక్కువగా పెట్టే పద్ధతి, ప్రయత్నించవచ్చని, ఇంట్లో మాట్లాడుకుని రమ్మని డాక్టరుగారు చెప్పారు. పెరిగే పిల్లవాడికి అన్నం మాన్పించడమేమిటని మా అత్తగారు ససేమిరా అంటున్నారు. ఆవిడ భయాన్ని నేను కొట్టిపారేయలేను. అనుభవం ఉన్నవారు, విషయం తెలిసినవారు దయచేసి చెప్పండి.

విశ్రాంత ఉపాధ్యాయుడు, మలక్‌పేట

అమ్మా, నేను మీ అత్తగారి పక్షాన మాట్లాడతాను. మా మనవరాలికి ఇదే పరిస్థితి వచ్చినప్పుడు ఈ ఆహారం గురించి చాలా చదివి, చివరికి వద్దనుకున్నాం. రక్తంలో కొవ్వు పెరగవచ్చు, మలబద్ధకం వస్తుంది, కొందరు పిల్లల కిడ్నీల్లో రాళ్లు ఏర్పడతాయి, ఎత్తు పెరగడం మందగించవచ్చు. ఇవన్నీ వైద్యులే ఒప్పుకునే మాటలు. మందు అయితే రెండు పూటలా వేస్తే సరిపోతుంది. తిండి సంగతి అలా కాదు. ఇల్లంతా పప్పన్నం కలుపుకుంటున్నప్పుడు, పెళ్లి విస్తట్లో జాంగ్రీ వడ్డిస్తున్నప్పుడు, బడిలో పక్కపిల్లవాడు బిస్కెట్ ఇవ్వబోయినప్పుడు, ప్రతిసారీ ఆ పసివాడి చెయ్యి పట్టుకుని ఆపాలి. మందుల దారి పూర్తిగా మూసుకుపోయాకే ఇటు రావాలని నా అభిప్రాయం.

పిల్లల ఆహార నిపుణురాలు, సికింద్రాబాద్

మాష్టారు చెప్పిన దుష్ఫలితాల్లో ఒక్కటీ అబద్ధం కాదు. నేను విభేదించేది ఆయన చివరి వాక్యంతోనే. మందుల దారి మూసుకుపోయిందని ఎప్పుడు తేల్చుకోవాలి? స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో కొత్తగా మూర్ఛ నిర్ధారణ అయినవారిని పరిశీలించి 2000లో ప్రచురించిన అధ్యయనంలో మొదటి మందుతో 47 శాతం మందికి, రెండో మందుతో మరో 13 శాతం మందికి ఫిట్స్ ఆగిపోయాయి. ఆ తర్వాత మూడో మందుతోనో, రెండు మందులు కలిపి ఇచ్చినందువల్లనో ఆగినవారు మరో 4 శాతమే. సరైన మందులు రెండు, సరైన మోతాదులో వాడినా ఆగకపోతే దాన్ని మందులకు లొంగని మూర్ఛగా లెక్కించాలని మూర్ఛపై పనిచేసే అంతర్జాతీయ సంఘం ఇంటర్నేషనల్ లీగ్ అగైనెస్ట్ ఎపిలెప్సీ 2010లో నిర్వచించింది. అంటే ఈ బాబు ఆ గీత దగ్గరికి ఇప్పటికే వచ్చేశాడు.

ఈ కీటో ఆహారం సన్నబడటానికి పుట్టిన పద్ధతి కాదు. ఉపవాసంతో ఫిట్స్ తగ్గుతాయని వైద్యులు అప్పటికే గమనించి ఉన్నారు. ఉపవాసంలో శరీరం చేసే పనినే తిండి పెడుతూ కూడా చేయించవచ్చని మేయో క్లినిక్ వైద్యుడు రస్సెల్ వైల్డర్ 1921లో ప్రతిపాదించారు. పిండిపదార్థం అందనప్పుడు కాలేయం కొవ్వు నుంచి కీటోన్లను తయారుచేస్తుంది, మెదడు వాటిని ఇంధనంగా వాడుకుంటుంది. 1938లో ఫెనిటాయిన్ వచ్చాక ఈ ఆహారం మూలకు పడింది; మందు మింగడం సులువు కాబట్టి పడింది గాని, పనిచేయక కాదు. 2008లో వెలువడిన లండన్ అధ్యయనంలో 145 మంది పిల్లలను రెండు గుంపులుగా విడదీసి చూస్తే, మూడు నెలల తర్వాత ఆహారం పాటించినవారిలో 38 శాతం మందికి ఫిట్స్ సగానికి పైగా తగ్గాయి. రెండో గుంపులో అలా తగ్గినవారు 6 శాతం. కాస్త సడలింపు ఉన్న మాడిఫైడ్ అట్కిన్స్ పద్ధతితో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో ఆ అంకెలు 52 శాతం, 11.5 శాతం.

విశ్రాంత ఉపాధ్యాయుడు, మలక్‌పేట

అంకెలు కాదనను. కానీ ఆ రెండో గుంపు పిల్లలకు కొత్త మందు ఏదీ ఇవ్వలేదు, పాత మందులే కొనసాగించారు. కాబట్టి ఊరికే ఉండటం కంటే ఆహారం మేలని తేలింది తప్ప, మూడో మందు కంటే మేలని తేలలేదు. ఈ అమ్మాయి అడిగింది సరిగ్గా ఆ ప్రశ్నే.

పిల్లల ఆహార నిపుణురాలు, సికింద్రాబాద్

నిజమే మాష్టారూ, ఆ పోలిక ఆ అధ్యయనాల్లో లేదు. అయినా మూడో మందుతో ఫిట్స్ పూర్తిగా ఆగే అవకాశం అంత తక్కువగా ఉన్నప్పుడు, ఆహారాన్ని నాలుగో, ఐదో మందు తర్వాతికి నెట్టడం సబబు కాదనే నా వాదన. గ్లూకోజును మెదడులోకి చేర్చే వాహక ప్రోటీన్ లోపం, అంటే గ్లట్-1 లోపం ఉన్న పిల్లలకైతే ఇదే మొదటి చికిత్స.

ఐటీ ఉద్యోగి, గచ్చిబౌలి

బరువు తగ్గడానికి నేను కీటో చేస్తున్నాను, ఏమంత కష్టం కాదు. యూట్యూబ్‌లో మెనూలన్నీ దొరుకుతాయి. ఫిట్స్ తగ్గాక మందులు కూడా మెల్లగా మానేయవచ్చని ఒక వీడియోలో విన్నాను.

పిల్లల ఆహార నిపుణురాలు, సికింద్రాబాద్

అయ్యా, దయచేసి ఆ సలహా ఎవరికీ చెప్పకండి. మందులు సొంతంగా మానేస్తే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. పైగా కొవ్వును ఖర్చు చేసుకోలేని జన్యు లోపాలు కొందరు పిల్లల్లో ఉంటాయి. వారికి ఈ ఆహారం పెడితే చికిత్స కాదు, ప్రమాదం. అందుకే రక్త, మూత్ర పరీక్షలు చేయకుండా ఏ పిల్లవాడికీ మొదలుపెట్టరు. పాత పద్ధతిలో పిండిపదార్థం, మాంసకృత్తులు కలిపి ఒక గ్రాముకు నాలుగు గ్రాముల కొవ్వు ఉండాలి. ఇంటర్నెట్ మెనూతో అది కుదరదు.

పాప తండ్రి, ఎల్.బి.నగర్

మా పాపకు మాడిఫైడ్ అట్కిన్స్ పెడుతున్నాం. పిండిపదార్థం రోజుకు 10 గ్రాములు దాటకూడదన్నారు; ఒక్క ఇడ్లీతోనే అందులో చాలా భాగం అయిపోతుంది. బాదం పొడి, గుడ్డు కలిపి పోసిన అట్టు, వెన్నలో వేయించిన పనీర్, కొబ్బరిపాలలో ఉడికించిన సొరకాయ తింటుంది. గిన్నెకు అంటుకున్న నెయ్యి కూడా లెక్కలోదే కాబట్టి మా ఆవిడ దాన్ని రబ్బరు గరిటెతో గీకి మరీ పెడుతుంది. సిరప్‌లలో చక్కెర ఉంటుందని డాక్టరుగారు జ్వరం మందుతో సహా అన్నీ మాత్రలుగా మార్చారు. తమ్ముడు పప్పన్నం తింటుంటే పాప లేచి వెళ్లిపోయేది. కొన్నాళ్లు మేమెవరమూ దాని ఎదుట అన్నం తినలేదు. ఫిట్స్ పూర్తిగా ఆగలేదు గాని సగానికి పైగా తగ్గాయి, బడికి వెళ్తోంది. చెల్లెమ్మా, మీ అత్తగారిని ఒకసారి ఆహార నిపుణుల దగ్గరికి తీసుకెళ్లండి. మా అమ్మ కూడా అక్కడ కూర్చుని తన సందేహాలన్నీ తనే అడిగాక దారికి వచ్చింది.

విశ్రాంత ఉపాధ్యాయుడు, మలక్‌పేట

మీ పాప బడికి వెళ్తోందంటే మనసు నిండింది నాయనా. అయినా నా అభ్యంతరం ఒకటి మిగిలే ఉంది. వారం వారం ఫోన్ ఎత్తి జవాబు చెప్పే నిపుణులు, ఈ కూరలూ బాదమూ కొనగల స్తోమత అందరికీ ఉండవు. అవి లేనిచోట మూడో మందే మేలు.

పిల్లల ఆహార నిపుణురాలు, సికింద్రాబాద్

ఆ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అమ్మా, మీ ఆసుపత్రిలో అలా చూసేవారు ఉన్నారో లేదో ముందు కనుక్కోండి. ఉంటే, ఫిట్స్ ఎప్పుడు, ఎంతసేపు వచ్చాయో ఇవాళ్టి నుంచే పుస్తకంలో రాయండి; ఆ లెక్క లేకపోతే మూడు నెలల తర్వాత ఆహారం పనిచేసిందో లేదో ఎవరమూ చెప్పలేం. పనిచేయకపోతే డాక్టరుగారు నెమ్మదిగా ఆపిస్తారు. టోపిరమేట్ వల్ల కూడా కిడ్నీలో రాళ్లు రావచ్చు కనుక, ఆ మందూ ఈ ఆహారమూ ఒకేసారి మొదలుపెట్టే ఆలోచన ఉంటే రాళ్ల సంగతి డాక్టరుగారిని తప్పకుండా అడగండి.